పదికెల్లి పదకొండుకు పోవాలంటే ఇంత గోసనా!

మూడు ఆదివారాలు గీ కంప్యూటర్ ముంగటనే గడిచినయ్. విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 నాడే అయిపాయె. బ్యాంకు పనులన్నీ దీంట్లనే చేస్తం, ఇంకెన్నాళ్లు నానవెడుతం అని విండోస్ 11కు మారుడు మొదలువెట్టిన.

చెక్ చేస్తే ఈ పీసీ పనికిరాదన్నది. మాది 2018ల కొన్నది, ఎనిమిదో తరం ప్రాసెసర్, ర్యామ్ 8 జీబీ. మరి ఏం తక్కువైంది? టీపీఎం 2.0 (రహస్య తాళాలను దాచే సెక్యూరిటీ భాగం) లేదట. హన్మకొండ చౌరస్తా దగ్గర షాపాయనను అడిగితే "కొత్తది తీస్కో అన్నా" అన్నడు. తీరా చూస్తే అది బోర్డుల్నే ఉన్నది! బయాస్‌ల (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులల్ల) పీటీటీ అని ఇంటెల్ పెట్టిన పేరు మీద ఆఫ్ చేసి ఉన్నది. రెండూ ఒకటే పని చేస్తయని తెర మీద ఒక్క ముక్క రాస్తే ఏం పోతది? తెల్వక ఎంతమంది మంచి మిషన్లను పాత సామాన్ల అమ్ముకుంటున్నరో!

అసలు భయం బాపు ఫైళ్లతోని. ఊరూరు తిరిగి బతుకమ్మ పాటలు రాసుకొచ్చి టైపు చేయించిండు, యూనికోడ్ కాని పాత ఫాంట్లల్ల. ఆ ఫాంటు లేకుంటే "ఉయ్యాలో" అన్న కాడ ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, కామాలే కనవడుతయ్. అందుకే ఫాంట్లు వేరే దాస్తున్న, ఒక్కో పాటను పీడీఎఫ్ చేస్తున్న. మొన్న హార్డ్‌డిస్కుకు కాపీ 60 శాతం కాంగనే కరెంటు పాయె. మళ్ల మొదటికెల్లి.

ఇంక నలభై పాటలున్నయ్. అవి అయ్యేదాక అప్‌గ్రేడ్ బటన్ ముట్ట.