మొహానికి ముందు నీడ, తర్వాతే ట్యూబు

ఎండలు ముదిరాయంటే చాలు, ఏ సన్‌స్క్రీన్ కొనాలనే చర్చ ఫోన్ల నిండా మొదలవుతుంది. ఎస్‌పీఎఫ్ 50 చాలా, 70 కావాలా, జెల్ మంచిదా, క్రీమ్ మంచిదా అని. ఈ చర్చంతా ఇంట్లోంచి కార్లోకి, కార్లోంచి ఆఫీసులోకి వెళ్లే మొహం చుట్టూనే తిరుగుతోంది. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల్లో పొద్దంతా ఆరుబయట ఉండే మొహానికి ఇందులో పనికొచ్చేది తక్కువ. నా మాట సూటిగా చెబుతాను. ముందు మెడికల్ షాపులో తెచ్చుకున్న ‘తెల్లబడే ట్యూబు’ను పారేయాలి. తర్వాత నీడ, గుడ్డ. ఆ తర్వాతే సన్‌స్క్రీన్, అది కూడా చర్మం రంగు కలిసిన జింక్ ఆక్సైడ్ క్రీమ్ అయితేనే ఖర్చుకు ఫలితం ఉంటుంది.

మనం ఎండను వేడితో కొలుస్తాం. చర్మాన్ని దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలకు వేడి లెక్క కాదు, సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్నదే లెక్క. మన ప్రాంతం భూమధ్యరేఖకు 16, 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. అందుకే ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. ఒకటి మే రెండో వారం అటూ ఇటూగా, ఇంకొకటి ఆగస్టు మొదటి వారంలో. మే సంగతి అందరికీ తెలుసు, జాగ్రత్త పడతారు. ఆగస్టులో మబ్బులు, చల్లగాలి ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నాట్లు, పత్తి చేలల్లో కలుపుతీత సాగేది ఆ రోజుల్లోనే. పలచటి మబ్బు ఉన్నా ఈ కిరణాలు 80 శాతం దాకా కిందికి వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘ఇవాళ ఎండెక్కడుంది’ అనుకుని టవల్ ఇంట్లో పెట్టి వెళ్లే రోజులు కూడా మొహం మీద లెక్కకు వస్తాయి. దీనికి ఫోన్లో యాప్ అక్కర్లేదు. కాళ్ల దగ్గర పడే నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉంటే మొహం కప్పుకోవాల్సిన వేళ అయిందన్నమాట.

ఇక ట్యూబు మీద రాసిన అంకెల సంగతి. ఈ అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బీ, యూవీ-ఏ అని రెండు రకాలు మన దాకా వస్తాయి. ఎస్‌పీఎఫ్ చెప్పేది ప్రధానంగా చర్మాన్ని కందగొట్టే యూవీ-బీ గురించి. 30 ఉన్నది దాదాపు 97 శాతం ఆపితే 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. చర్మం లోతుకు దిగి నలుపునూ ముడతలనూ తెచ్చే యూవీ-ఏ సంగతి చెప్పేది పక్కనే ఉండే పీఏ గుర్తు, దాని వెనక ప్లస్‌లు. మూడో నాలుగో ప్లస్‌లు ఉంటే సరిపోతుంది. అసలు నష్టం జరిగేది ఈ అంకెల దగ్గర కాదు, పూసే మోతాదు దగ్గర. ల్యాబ్‌లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి ఆ అంకె తేలుస్తారు. మనం పూసేది అందులో సగం కూడా ఉండదు. మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండితే, అంటే సుమారు గ్రాము పూస్తే, ఆ అంకెకు దగ్గరగా వస్తాం. రోజుకు రెండుసార్లు పూస్తే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోతుంది. దాని ధర నాలుగైదు వందలు. కలుపుతీతకు వెళ్లే ఆడకూలికి అది ఒకటి, ఒకటిన్నర రోజుల కష్టం. పైగా చెమట పడితే రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. మట్టి చేతులతో, మడిలో నిలబడి, ఎవరు పూస్తారు?

అందుకే గుడ్డ. పత్తి ఏరే రోజుల్లో దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో ఏ చేను దగ్గరైనా ఆగి చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. తలకు టవల్ చుట్టి, దాని కొసను ముక్కు మీదుగా తెచ్చి రెండో చెంప పక్కన దోపుకుంటారు. కనిపించేవి కళ్లు, వాటి చుట్టూ నాలుగు వేళ్ల మేర చర్మం. ఏ చర్మవ్యాధుల డాక్టరూ చెప్పకముందే మన ఆడవాళ్లు తమ అనుభవంతో తయారు చేసుకున్న రక్షణ ఇది. దీన్ని నేను చాలా గౌరవిస్తాను. ఒకసారి చుట్టుకుంటే సాయంత్రం దాకా పని చేస్తుంది, కరిగిపోదు, కళ్లలో మండదు. గుడ్డ ఎంపికలో మాత్రం కొంచెం చూసుకోవాలి. పలచటి తెల్ల నూలు గుడ్డ చాలా కిరణాలను లోపలికి వదిలేస్తుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. దగ్గరగా నేసినది, ముదురు రంగుది మేలు. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. అవతలి వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే దాన్ని రెండు మడతలు వేసి కట్టుకోవాలి. మహబూబ్‌నగర్ రోడ్ల మీద స్కూటీ నడిపే అమ్మాయిల చున్నీలకూ ఇదే పరీక్ష. షిఫాన్ చున్నీ దుమ్మును ఆపుతుంది గానీ ఎండను పెద్దగా ఆపదు.

ఆ టవల్ కట్టులో మిగిలిపోయే చోటు ఒకటుంది. కళ్ల కింద చెంప ఎముకలు, ముక్కు దూలం. మంగు మచ్చలు ఎక్కువగా పట్టే చోటు కూడా అదే. సన్‌స్క్రీన్ పూయాల్సింది అక్కడ. మొహమంతా పూసే బదులు అక్కడికే పూస్తే ఒక ట్యూబు రెండు నెలలైనా వస్తుంది, ఖర్చు సగానికి దిగుతుంది. గుడ్డా క్రీమూ పోటీ కాదు, గుడ్డ వదిలేసిన చోట క్రీమ్ పని మొదలవుతుంది.

అయితే ఏ క్రీమ్? ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ప్రకటనల్లో వినిపించనిది కూడా. సన్‌స్క్రీన్లను ఎక్కువగా పరీక్షించింది తెల్ల చర్మం కందిపోకుండా చూడటానికి. మన చర్మానికి అసలు బాధ కందడం కాదు, నల్లమచ్చ పట్టడం. ఆ మచ్చకు కారణం అతినీలలోహిత కిరణాలొక్కటే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా. కనిపించే వెలుతురు పడితే ముదురు రంగు చర్మం నల్లబడి చాలా రోజులు అలాగే ఉండిపోతుందనీ, తెల్ల చర్మంలో ఆ మార్పు రావడం లేదనీ 2010లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. మంగుకు చికిత్స తీసుకుంటున్నవాళ్లలో ఐరన్ ఆక్సైడ్ కలిసిన సన్‌స్క్రీన్ వాడినవారికి, అది లేని సన్‌స్క్రీన్ వాడినవారి కంటే ఎక్కువ ఫలితం వచ్చిందని మెక్సికోలో 2014లో తేలింది. ఐరన్ ఆక్సైడ్ అంటే ఇటుక రంగునిచ్చే పదార్థమే. క్రీమ్‌కు చర్మం రంగు తెచ్చేది అదే, కనిపించే వెలుతురును ఆపేదీ అదే. కాబట్టి రంగులేని, అద్దంలా కనిపించే జెల్ ఎంత ఖరీదైనదైనా మంగు ఉన్న మొహానికి సగం పనే చేస్తుంది. జింక్ ఆక్సైడ్ క్రీమ్ పూస్తే మొహం బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తుందని మనవాళ్లు వదిలేస్తారు. రంగు కలిస్తే ఆ ఇబ్బందీ పోతుంది. షాపులో అడగాల్సిన మాట ‘టింటెడ్’. ట్యూబు వెనక జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ రెండు పేర్లూ ఉన్నాయో లేదో చదివి కొనండి.

‘మనది నల్ల చర్మం, అదే మనకు రక్ష, ఈ రసాయనాలు రక్తంలోకి పోతాయట’ అనేవాళ్లున్నారు. మొదటి మాటలో నిజముంది. ముదురు చర్మానికి కొంత రక్షణ పుట్టుకతోనే ఉంటుంది, మన దగ్గర చర్మ కేన్సర్ తక్కువ. కానీ మంగును ఆ రంగు ఆపడం లేదు. చర్మంలో రంగే లేకుండా పుట్టిన పిల్లలకు, బొల్లి ఉన్నవాళ్లకు, ఎండ పడని లూపస్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ మాట అసలే వర్తించదు. రెండో మాటకొస్తే, కొన్ని రసాయన సన్‌స్క్రీన్లలోని పదార్థాలు రక్తంలో కనిపించాయని 2019, 2020 పరీక్షల్లో బయటపడింది నిజమే. దానివల్ల హాని జరుగుతుందని తేలలేదు. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన ప్రతిపాదనలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండింటినే సురక్షితమైనవిగా, పని చేసేవిగా పేర్కొని, మరో 12 పదార్థాల మీద ఇంకా సమాచారం కావాలంది. గర్భిణులు, పిల్లలు ఆ రెండింటిలో ఒకటి వాడితే భయం ఉండదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఏ క్రీమూ వద్దు, చెట్టు నీడ, గుడ్డ ఉయ్యాల చాలు.

నిజంగా భయపడాల్సింది వేరే ట్యూబుకు. మంగు వచ్చిందని మెడికల్ షాపుకు వెళితే చీటీ లేకుండా చేతిలో పెట్టే ట్యూబులో తరచూ మూడు మందులు కలిసుంటాయి. ఒక స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. రెండు వారాల్లో మొహం మెరుస్తుంది. ఇంట్లో చెల్లె వాడుతుంది, పక్కింటి కోడలు వాడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడుతుంది, మొహం మీద వెంట్రుకలు, మొటిమలు వస్తాయి, ఎండలోకి వెళితే మంట. ఆపితే ఇంకా ఎర్రబడుతుంది కాబట్టి ఆపలేరు. దీన్ని ఒక ప్రత్యేక జబ్బుగా 2008లో వర్ణించింది మన దేశ డాక్టర్లే. చర్మానికి పూసే స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన పెట్టింది. ఆ నిబంధన మన మండల కేంద్రాల కౌంటర్ల దాకా రాలేదు. ఎండకు నల్లబడ్డామని కొన్న ట్యూబు, ఆ ఎండనే తట్టుకోలేని చర్మాన్ని మిగులుస్తోంది. పెళ్లిచూపుల కోసం పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇది పూసుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చిట్కాల్లోనూ ప్రమాదం ఉంది. నిమ్మతోటలు, నిమ్మ మార్కెట్ ఉన్న నకిరేకల్ వైపు నిమ్మచెక్క మొహానికి రుద్దుకోవడం మామూలే. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలినట్టు మచ్చలు పడతాయి. మొహం, మెడ మీద దురదతో మందంగా నల్లబడితే అది ఎండ పని కాకపోవచ్చు, గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడి, పొడి ఆకుల వల్ల కావచ్చు. దానికి ఏ సన్‌స్క్రీనూ పనిచేయదు. నీటి బిళ్ల (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) కలిసిన బీపీ మాత్రలు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వంటి మందులు వాడేవాళ్లకు కొందరికి ఎండ తొందరగా తగులుతుంది. మందు మొదలయ్యాకే మొహం మండుతోందా అని డాక్టర్‌తో చెప్పాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మంగుకు వెళ్లాల్సింది అక్కడి చర్మవ్యాధుల ఓపీకి.

ఇంతవరకూ ఎవరికి వారు చేసుకోగలిగింది చెప్పాను. కానీ మొహం ఎంతసేపు ఎండలో ఉండాలో నిర్ణయించేది ఆ మొహం కాదు, పని పెట్టేవాళ్లు. యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ చుట్టుపక్కల వడ్లు కొనే ఏదైనా ఐకేపీ సెంటర్‌కు మధ్యాహ్నం వెళ్లండి. తేమ తగ్గలేదని ఆరబోసిన వడ్లలో ఆడవాళ్లు పాదాలతో చాళ్లు తీస్తూ తిరుగుతుంటారు. రైతు కాంటా వంతు కోసం బస్తాల పక్కనే కూర్చుంటాడు. అక్కడ నీడంటే ట్రాక్టర్ ట్రాలీ కింద పడే నీడే. ఉపాధి హామీ పనుల్లో నీడ, తాగునీరు కల్పించాలని 2005 చట్టంలోనే రాశారు. పరదా కట్టని సైట్లు ఎన్నో మన కళ్ల ముందే నడిచాయి.

మన దగ్గర్నుంచి దుబాయ్ వెళ్లి కట్టడం పని చేసేవాళ్లను అడగండి. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట పని చేయించకూడదు, చేయిస్తే జరిమానా. పరాయి దేశంలో పాలమూరు కూలికి దొరికే ఆ రెండున్నర గంటల నీడ సొంత జిల్లాలో ఎందుకు దొరకదు? 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోతే కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. మంచి నిర్ణయం. చనిపోయాక ఇచ్చేదాని కంటే బతికుండగా ఇవ్వాల్సిన నీడ చాలా చవక. పన్నుల సంగతీ అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఫేస్ పౌడర్, టాల్కం పౌడర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. సన్‌స్క్రీన్ మీద 18 శాతం అలాగే ఉంది. మన చట్టం దాన్ని అలంకరణ సామగ్రిగానే చూస్తోంది మరి. ఎండలో పని చేసేవాళ్లకు అది అలంకరణ కాదని జీఎస్టీ కౌన్సిల్ ఒప్పుకోవాలి, పౌడర్‌తో పాటు దాన్నీ 5 శాతంలోకి తేవాలి.

కౌన్సిల్ సంగతి ఢిల్లీది, ఎప్పటికి తేలుతుందో. వడ్ల సెంటర్లది మాత్రం ఇక్కడి పని. వడగాడ్పు విపత్తుల జాబితాలోకి వచ్చింది కాబట్టి, 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా అథారిటీకి అధ్యక్షుడైన కలెక్టర్ చేతిలోనే అధికారం ఉంది. ప్రతి సెంటర్లో కల్లం పక్కన రేకుల షెడ్డో, గ్రీన్ నెట్టో వేయించాలి. కాంటాలు, ఎత్తుడు పని పొద్దున 11 లోపు, సాయంత్రం 4 తర్వాతే జరగాలని రాతపూర్వకంగా ఆదేశించాలి. ఉపాధి పనులకూ, రోడ్డు కాంట్రాక్టర్లకూ అదే వేళలు పెట్టాలి. మార్చి మొదటి వారంలోపు నల్గొండ, మహబూబ్‌నగర్ కలెక్టరేట్ల నుంచి ఆ ఆదేశాలు రావాలి.