లైబ్రేరియన్లకి సదస్సు ఖర్చు దండగ అంటున్న మెసేజ్‌కి జవాబు

"బళ్ళలో పుస్తకాలకే డబ్బుల్లేవు, లైబ్రేరియన్లకి సదస్సుకెళ్ళడానికి టీఏ డీఏలా? అదంతా సర్కారు సొమ్ముతో టూరు, నేర్చుకోవాలంటే యూట్యూబ్ ఉందిగా, పైగా లైబ్రరీ సెస్సు కడుతూనే ఉన్నాం" అని ఒక మెసేజ్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. టీచర్లు కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు, అదీ విడ్డూరం.

సెస్సు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు మనం కట్టేది గ్రంథాలయ సంస్థలకి, అంటే ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీలకి. బడి లైబ్రరీకీ దానికీ సంబంధం లేదు.

ఇక పుస్తకాల డబ్బు. బళ్ళకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో బడి స్థాయిని బట్టి 5 వేల నుంచి 20 వేల దాకా పెట్టిన లైబ్రరీ గ్రాంటు పుస్తకాలకే, దాంతో రైలు టికెట్ కొనమని ఎవరూ అడగట్లేదు, బడి లైబ్రేరియన్లం మేం అడిగేది శిక్షణ పద్దులోంచి. సరే, సదస్సులన్నీ ఆపేశారే అనుకుందాం, ఉన్న పుస్తకాలైనా పిల్లల చేతికొస్తున్నాయా? చాలాచోట్ల బీరువాకి తాళం. పుస్తకం పోతే జీతంలో కోస్తారేమోనని ఇన్‌చార్జి భయం. కేంద్ర సంస్థలకి వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో అయితే, మోసం, నిర్లక్ష్యం లేనప్పుడు ఏడాదిలో ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకి 5 పోవడం మామూలే అని రాసే ఉంది. మన రాష్ట్ర బళ్ళకి అది నేరుగా వర్తించదు, కానీ "అక్కడ ఇలా ఉంది సార్, మనమూ అడుగుదాం" అని హెడ్‌మాస్టారి దగ్గర నోరు విప్పాలంటే ముందు ఆ ముక్క మనకి ఎవరో చెప్పాలిగా. చెప్పేది ఏ కేంద్రీయ విద్యాలయం లైబ్రేరియనో, అదీ సదస్సులో టీ బ్రేక్‌లో.

యూట్యూబ్ చూసి కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యడం నేర్చుకోవచ్చు, కాదనను. కానీ లెక్కల మాస్టారికి డౌటొస్తే అడగడానికి ఇంకో లెక్కల మాస్టారు ఉంటారు, చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులుంటాయి. లైబ్రేరియన్ బడికి ఒక్కరే, అదీ పోస్టు ఉంటే. తెలంగాణ గురుకులాలకి 2023లో 434 స్కూల్ లైబ్రేరియన్ పోస్టులు నోటిఫై చేశారు, మంచిదే, కానీ చేరినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఒంటరిగా వచ్చిన పుస్తకాల్ని ఎక్కించే యాక్సెషన్ రిజిస్టర్ రాసుకుంటూ, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసు కాసుకుంటూ కూర్చోవాల్సిందేనా? 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకి ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ అంది, లైబ్రరీ సిబ్బందికీ శిక్షణ ఉండాలంది. ఆ రెండో మాట ఎవరికీ గుర్తుండదు.

టూరా? అసలు మన గ్రంథాలయోద్యమమే సభల్లో పుట్టింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో బెజవాడ సభలో ఏర్పడిందే. ఇప్పటికీ గ్రంథాలయ వారోత్సవాలు నవంబర్ 14న మొదలుపెడుతున్నామంటే 1919లో అదే రోజు మద్రాసులో జరిగిన అఖిల భారత సభ వల్లే.

అయితే ఆ మెసేజ్‌లో ఒక్క నిజం ఉంది. ఫీజు కట్టించుకుని, శాలువా కప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే సదస్సులు బోలెడున్నాయి. వాటికి పైసా ఇవ్వొద్దు. ప్రోగ్రాం షీటు చూసి మంజూరు చెయ్యండి. జిల్లాకి ఏడాదికి ఇద్దర్నైనా పంపండి, సొంత సెలవు కాకుండా ఓడీ (డ్యూటీలో ఉన్నట్టే లెక్క) ఇవ్వండి, స్లీపర్ చార్జీ చాలు. వచ్చాక మిగతా బళ్ళ ఇన్‌చార్జిలందర్నీ కూర్చోబెట్టి చెప్పించండి, చెప్పకపోతే టీఏ బిల్లు ఆపేయండి.