రేగు, పరికి ఒకటి కావు

వరంగల్ జిల్లా పాకాల పరిసరాల్లో అడవి నడకకు వెళ్లేవారి కోసం ముళ్ల మొక్కల గురించి రాసిన ఒక వ్యాసం చదివాను. అది ఉపయోగకరంగానే ఉంది గానీ, అందులో రేగును, పరికిని ఒకే మొక్కగా చెప్పడం సరికాదు. రేగు కొమ్మపై ఆకు మొదట్లో సాధారణంగా రెండు ముళ్లుంటాయి. ఒకటి నిటారుగా, మరొకటి కొక్కెంలా వంగి ఉంటుంది, ఆకును తిప్పి చూస్తే అడుగుభాగం తెల్లటి నూగుతో మెత్తగా తగులుతుంది. పరికి పక్క చెట్లపైకి పాకుతుంది, దాని చిన్న కాయలు పండితే నల్లబడతాయి. రెండింటి పండ్లూ తినదగినవే కాబట్టి ఈ పొరపాటుతో ప్రమాదమేమీ లేదు. అయితే ఆ వ్యాసంలోని ‘పాలు కారే మొక్క పండును ముట్టవద్దు’ అన్న సూచన తెలియని మొక్కల విషయంలో మంచిదే అయినా, కలివె అనే వాక్కాయ జాతి ముళ్లపొద అందుకు మినహాయింపని రాయవలసింది. తుంచితే పాలు కారినా, నల్లగా మాగిన కలివె పండ్లను మా నర్సంపేట వైపు దోసిళ్లకొద్దీ తింటాము. కంచెకు ఎండిన రేగుకంప చాలా గట్టిది, కానీ దాన్ని చేత్తో కాక పంగలకర్రతో లాగాలి.