కొండకు సమయపాలన లేదు

మన రాష్ట్రంలో వేళకు రానివాళ్ళు చాలామందే ఉన్నారు. ఊరికి వచ్చే ఆఖరి బస్సు, సభకు ముఖ్య అతిథి, పైపులు బాగుచేసే మనిషి... వీళ్ళందరినీ క్షమించి చాలాకాలమైంది. ఉదయగిరి కొండను మాత్రం క్షమించడం నావల్ల కాదు. అక్టోబరు నెలాఖరు ఆదివారం పదకొండింటికి ఎక్కడం మొదలుపెట్టి, రెండింటికి కొండకొనన పులిహోర తిని, నాలుగున్నరకు దిగి, రాత్రి ఏడున్నరకు నెల్లూరులో రిసెప్షన్‌కు చేరేటట్టు మా బావగారు వేసిన పథకంలో ఒక్క లోపం లేదు. లోపమంతా కొండది.

మేమేదో అజాగ్రత్తగా వెళ్ళామని అనుకునేరు. ఆరుగురికి పన్నెండు పొట్లాల పులిహోర, పెట్టెడు మలై కాజాలు, పాటలు వినడానికి ఒక స్పీకరు, ఫోన్లు చార్జి చేసుకోవడానికి మూడు బ్యాటరీలు. నీళ్ళు బరువు కాబట్టి తలా ఒక అరలీటరు సీసా. వానకోట్ల సంగతి అక్క ఎత్తింది. బావగారు ఫోను తీసి చూపించారు. అందులో గుండ్రంగా, పచ్చగా సూర్యుడు, పక్కన 33 డిగ్రీలు. అక్క నోరు మూతపడింది కాని, చేతిసంచిలో ఒక గొడుగు మాత్రం పెట్టుకుంది. ఆ సూర్యుడు నెల్లూరు సూర్యుడని తర్వాత తెలిసింది. బొమ్మకింద సన్నటి అక్షరాల్లో ఊరిపేరు ఉండనే ఉంది. సముద్రమట్టానికి ఇరవై మీటర్ల ఎత్తయినా లేని ఊరి సూర్యుడు, వెలిగొండల్లో 3,000 అడుగులు దాటిన కొండకు పూచీపడడట.

కొండ మొదట్లో ఒక గొర్రెల కాపరి ఎదురయ్యాడు. పడమటికి చూస్తూ, "మబ్బు కడుతోంది సార్, ఇప్పుడు వద్దు. రేపు పొద్దున్నే రండి" అన్నాడు. బావగారు ఓపికగా విన్నారు. అతని చేతిలో కర్ర తప్ప ఫోను లేదని గమనించి, ముందుకు నడిచారు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఇదే కొండకింద దండు దించాడు. పైన కోటలో ప్రతాపరుద్ర గజపతి సైన్యం. దుర్గం చిక్కడానికి ఏడాదిన్నర పట్టింది. గెలిచాక ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్ళి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. పుస్తకాలవాళ్ళు దీన్ని ఘనవిజయమంటారు. మొదటి బురుజు దగ్గర చెమట తుడుచుకుంటూ ఈ కథ విన్న బావగారి తీర్పు వేరు. "ఏడాదిన్నరా! ముందుగా పథకం వేసుకోకపోతే అంతే మరి" అన్నారు.

ఒంటిగంటన్నరకు కొండ తన నిజస్వరూపం బయటపెట్టింది. దీని వెనకున్న కుట్ర ఇది. బంగాళాఖాతం మీంచి వచ్చే తడిగాలి నెల్లూరు మైదానంలో ఎవరినీ పలకరించకుండా దాటిపోతుంది. వెలిగొండ అడ్డం రాగానే పైకెక్కడం మొదలుపెడుతుంది. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. చల్లబడిన గాలికి తన తేమ తనకే మోయలేని బరువు. మనిషి కొండెక్కితే ఆయాసపడి నీళ్ళు తాగుతాడు, గాలి కొండెక్కితే నీళ్ళు పోస్తుంది. ఇక పొద్దుటినుంచి కాగిన నేల వేడి మబ్బును కిందినుంచి ఎగదోస్తుంటే మధ్యాహ్నానికి ఉరుములు తయారు. అందుకే అనుభవమున్నవాళ్ళు చీకటితోనే బయలుదేరి, మిట్టమధ్యాహ్నం కాకముందే వెనక్కి తిరుగుతారు. వాళ్ళకు ఆదివారం దోసెల విలువ తెలియదనుకుంటాను.

మొదట కింద ఊరు కనిపించకుండా పోయింది. మబ్బు పైనుంచి వస్తుందని మేం తలెత్తి చూస్తున్నాం, అది లోయలోంచి మా కాళ్ళమీదుగా ఎక్కి వచ్చింది. పొట్లం మీది కాగితంపై ఒక చినుకు పడింది, రూపాయి బిళ్ళంత. రెండోది పడేలోగా గాలి వచ్చి అక్క గొడుగును తామరపువ్వులా విప్పి, ఊచలు మాత్రం ఆమె చేతిలో మిగిల్చింది.

మెరుపు మెరిసింది. ఏడో తరగతి చదివే మా మేనకోడలు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఉరిమింది. "రెండు కిలోమీటర్లు మామయ్యా. శబ్దానికి కిలోమీటరుకు మూడు సెకన్లు. ముప్పైలోపే వినిపిస్తే ఎత్తు దిగిపోవాలని మా టీచరు చెప్పారు." మళ్ళీ మెరిసింది. ఈసారి మూడు వేళ్ళే మడిచింది. ఆ సమయంలో దాని తండ్రిగారు బురుజు కొసన నిలబడి, పొడవాటి ఉక్కు కర్రకు ఫోను తగిలించి, మబ్బులోకి ఎత్తిపట్టి, ఇంకా ఎండ చూపిస్తోందో లేదో చూస్తున్నారు.

ఆయన్ని దింపిన విధానం ఇక్కడ వర్ణించను, కుటుంబ గౌరవం ఒకటుంది. ఒంటరి చెట్టు కిందికి పోకుండా, గట్టు దిగి పల్లంలో గొంతుక్కూర్చున్నాం. ఎండాకాలంలో 44 డిగ్రీలకు కూడా చలించని నెల్లూరు శరీరాలు తడిసిన నూలు చొక్కాల్లో, ఆ గాలికి పళ్ళు కొట్టుకునేలా వణికాయి. ఉరుము ఆగాక మరో అరగంట కదలనివ్వలేదు మేనకోడలు. ఆ తర్వాత పాచిపట్టిన మెట్లమీద సగం నడిచి, సగం కూర్చుని జారి, దిగాం. స్పీకరు ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలియదు.

కింద ఒక బండ చూరుకింద ఆ కాపరి కూర్చుని ఉన్నాడు. అతని గొర్రెలు పొడిగా ఉన్నాయి. ఏమీ అనలేదు. తన గొంగళి తీసి బావగారి భుజాలమీద కప్పాడు. ఉన్ని తడిసినా వెచ్చదనం వదలదు, ఆ సంగతి ఫోనులో రాదు. పన్నెండు పొట్లాల్లో తడవకుండా మిగిలినవి మూడు. ఒకటి అతనికి ఇచ్చాం.

అందుచేత అధికారులకు నా విన్నపం: కొండ మొదట్లో పనివేళల పలక ఒకటి పెట్టించాలి. ఆదివారాలు, సెలవురోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు మబ్బులకు ప్రవేశం నిషేధించాలి. ముహూర్తాలున్న రోజుల్లో ఉరుములకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేయాలి.

తిరుగుదారిలో కారు ఆత్మకూరు దాటుతుండగా మేనకోడలు అడిగింది. "నాన్నా, మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది కదా! అక్కడ గాలి తగ్గేదాకా కింద గుడారాల్లో రోజులకు రోజులు కాచుకుని ఉంటారట. మే నెలలో ఏ కొన్నాళ్ళో తెరిపి దొరికితే అప్పుడు ఎక్కుతారట. మనం రేపు పొద్దున దాకా ఎందుకు ఆగలేదు?"

బావగారు గొంగళి వాసన ఇంకా వదలని చొక్కా సర్దుకున్నారు. "వాళ్ళకు సాయంత్రం రిసెప్షన్ లేదమ్మా" అన్నారు.

తొమ్మిదిన్నరకు చేరాం. వధూవరులు ఇంకా రాలేదు.