ఎర్త్ పిన్నులో న్యూట్రల్ ముక్క కలపకండి

ఈ వారంలో అదే మెసేజ్ నాకు తొమ్మిదోసారి వచ్చింది. పర్లాకిమిడి గ్రూపుల్లో తిరిగింది, గుణుపూర్ చుట్టాల గ్రూపుకి వెళ్లింది, చివరికి పాతపట్నం నుంచి మా బావ కూడా పంపాడు. "పిడుగుల కాలంలో ఇంట్లో సామాను కాపాడుకునే చిట్కాలు" అని పేరు. కింద "ఎలక్ట్రికల్ ఇంజనీరు సలహా" అని ఉంది కానీ, ఏ ఇంజనీరో లేదు. పదిహేనేళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నవాణ్ని కాబట్టి అందరూ నన్నే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను.

మీటరు పక్కన అయస్కాంతం పెడితే పిడుగును లాగేస్తుందట. లాగదు. పైగా మీటరును కదిలించారని కేసు పెడతారు. టీవీ మీద దుప్పటి కప్పమన్నారు. దుమ్ము పడకుండా కప్పుకోండి, పిడుగుకి దానితో పనిలేదు. ఎంసీబీ ఉంటే చాలన్నారు. ఎంసీబీ చూసేది ఎంత కరెంటు లాగుతోందనే. వోల్టేజీ ఎంత పెరిగిందో దానికి తెలియదు.

స్టెబిలైజర్ పిడుగును ఆపుతుందన్న మాట చాలామంది నమ్ముతున్నారు. స్టెబిలైజర్‌లో రిలే (లోపల టక్కుమనే స్విచ్) కదలడానికి మిల్లీసెకన్లు పడుతుంది. పిడుగు వల్ల లైన్లో వచ్చే దెబ్బ మైక్రోసెకన్లలో అయిపోతుంది. రిలే టక్కుమనే లోపే ఫ్రిజ్ బోర్డు కాలిపోయి ఉంటుంది. సాయంత్రం లో వోల్టేజీకి అది పనికొస్తుంది, కాదనను.

ఇక అసలు విషయం. మెసేజ్‌లో ఐదో చిట్కా ఇది: "ఎర్తింగ్ లేని ఇళ్లలో భయపడక్కర్లేదు. సాకెట్ విప్పి న్యూట్రల్ నుంచి పైనున్న పెద్ద పిన్నుకి చిన్న వైరు ముక్క కలపండి. హై వోల్టేజీ దాని గుండా వెళ్లిపోతుంది."

ఆ పెద్ద పిన్నే ఎర్త్ పిన్ను, మిషన్ ఒంటికి కలిసి ఉంటుంది. ఇది రాసినవాడికి ఏం తెలుసో నాకు తెలియదు. నమ్మినవాళ్లని మాత్రం తప్పుపట్టలేను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని, అంటే కరెంటు వెనక్కి వెళ్లే తీగని, భూమికి కలిపే ఉంచుతారు, అది నిజమే. వైరు ముక్క పెట్టగానే ఫ్రిజ్ తలుపు జివ్వుమనడం కూడా ఆగిపోతుంది. అందుకే పనిచేసిందనుకుంటారు. కానీ స్తంభం మీదో, సర్వీసు వైరులోనో, మీటరు జాయింటులోనో న్యూట్రల్ తెగిన రోజున ఏమవుతుందో ఆలోచించండి. ఫేజ్ నుంచి, అంటే కరెంటు వచ్చే తీగ నుంచి, బయల్దేరిన కరెంటు ఫ్రిజ్ లోపలికి వెళ్తుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు, ఈ ముక్క పట్టుకుని ఫ్రిజ్ ఒంటి మీదికి వస్తుంది. తలుపు పిడి మీద 230 వోల్టులు. ఎంసీబీ పడదు, ఫ్యూజు పోదు. లైట్లన్నీ ఆరిపోతాయి కాబట్టి కరెంటు పోయిందనుకుని ఎవరో ఒకరు వట్టికాళ్లతో వెళ్లి తలుపు తీస్తారు.

మన వైపు న్యూట్రల్ తెగడం అరుదా? కాలబైశాఖి (ఎండాకాలపు గాలివాన) వీచిన ప్రతిసారీ ఎక్కడో ఒక జాయింటు వదులవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒడిశాలోని మన గజపతి జిల్లాను కొట్టాక స్తంభాలు కూలి, లైన్లు మళ్లీ లాగాల్సి వచ్చింది. అలా హడావుడిగా కలిపినప్పుడు ఫేజ్, న్యూట్రల్ తారుమారవుతుంటాయి. బల్బు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తేడా తెలియదు. ఆ ముక్క ఉన్న ఇంట్లో మాత్రం ఫేజ్ నేరుగా మిషన్ ఒంటి మీదే ఉంటుంది. స్విచ్ ఆపినా ఉంటుంది.

మా పిన్ని ఇంట్లో జరిగింది ఇదే. గాలివాన తర్వాత వాషింగ్ మెషిన్ మూత ముట్టుకుంది. రబ్బరు చెప్పులు వేసుకుని ఉంది కాబట్టి పక్కకి పడి బతికింది. నేను సాకెట్ విప్పితే లోపల రెండంగుళాల ఎర్ర వైరు ముక్క కనిపించింది. ఎవరో పంపిన మెసేజ్ చూసి పెట్టించానని బాబాయి చెప్పాడు. ఆ రోజు నుంచి ఈ చిట్కా కనిపిస్తే నాకు ఒళ్లు మండుతోంది. ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే లైన్ కోసేసే స్విచ్) ఉన్న ఇంట్లో ఈ ముక్క పెడితే, ఆ పిన్నుకో మిషన్ ఒంటికో భూమి తగిలినచోట అది పదేపదే పడిపోతుంది. "పాడైంది" అని దాన్నే తీయించేస్తున్నారు! 30 మిల్లీఆంపులకే పడి మనిషిని కాపాడే వస్తువది.

పని చేసేది వేరే ఉంది. ముందు నిజమైన ఎర్తింగ్. గొయ్యి తవ్వి, పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోస్తుండాలి. ఆ తర్వాత మెయిన్ బోర్డులో టైప్ 2 ఎస్‌పీడీ, అంటే లైన్లో వచ్చే దెబ్బని భూమిలోకి మళ్లించే పరికరం. ఎర్త్ లేకుండా అది పెట్టుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. దాని కిటికీలో పచ్చరంగు పోయి ఎరుపు వస్తే మార్చాలి. దాని వైర్లు పొట్టిగా ఉండాలి, అర మీటరు దాటకూడదు. త్రీఫేజ్ లైన్లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. ఒక వీధిలో పది ఇళ్లలో టీవీలు ఒకేసారి పోయాయంటే నా అనుమానం ఎప్పుడూ పిడుగు మీద కాదు, న్యూట్రల్ మీదే. దానికి ఎస్‌పీడీ చాలదు, అదే కాలిపోతుంది. వోల్టేజీ మించగానే లైన్ కోసేసే ఓవర్ వోల్టేజ్ కటాఫ్ వేరేగా పెట్టాలి.

మెసేజ్‌లో ఒక్క చిట్కా విషయంలో నేనే తప్పు. ఉరుము వినగానే ప్లగ్గులు పీకేయమన్నారు. ఇన్నేళ్లూ "స్విచ్ ఆపితే చాలు" అని మా కస్టమర్లకి నేనే చెప్పాను. పోయిన ఏడాది మా ఇంట్లోనే స్విచ్ ఆపి ఉన్న టీవీ, సెట్ టాప్ బాక్స్ రెండూ పోయాయి. దెబ్బ డిష్ కేబుల్ గుండా వచ్చింది. కాబట్టి ప్లగ్గుతో పాటు ఆ కేబుల్ కూడా విప్పాలి. అదీ ఉరుములు మొదలవకముందే. మొదలయ్యాక వైర్లు ముట్టుకోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి మళ్లీ పెట్టుకోండి.

ఈ మెసేజ్ పంపినవాళ్లలో ఆరుగురి ఇళ్లకి వెళ్లాను. రెండిళ్లలో ఆ ముక్క దొరికింది, తీసేశాను. మీ ఇంట్లో ఎవరైనా పెట్టి ఉంటే మెయిన్ ఆపి, తెలిసిన మనిషితో ఈ రోజే తీయించండి. ఎర్తింగ్ వేసేవరకు ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ చెప్పులు లేకుండా ముట్టుకోవద్దని పిల్లలకి చెప్పండి. మా వీధివాళ్లు అడిగితే నేనే వచ్చి చూస్తాను, డబ్బులు అక్కర్లేదు.