గుడ్డుకు అడగని ఊరి పేరు స్కాలర్‌షిప్‌కు ఎందుకు?

బెంగళూరు ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కూడా మధ్యాహ్న భోజనం పెడతారు. అన్నం, సాంబారు, పాలు, గుడ్డు. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లవాణ్ని మీదే రాష్ట్రమని ఎవరూ అడగరు. అదే పిల్లవాడి పేరు స్కాలర్‌షిప్ జాబితాలోకి ఎక్కాలంటే మాత్రం మొదట వచ్చే ప్రశ్న అదే. వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల లేబర్ షెడ్ల నుంచి కన్నడ మీడియం బడికి వెళ్లే తెలుగు పిల్లలు ఎందరో అక్కడే ఆగిపోతున్నారు.

డబ్బు పెద్దదేమీ కాదు. కేంద్ర ప్రీ-మెట్రిక్ పథకంలో ఇంటి నుంచి బడికి వెళ్లే ఎస్సీ విద్యార్థికి తొమ్మిది, పది తరగతుల్లో ఏడాదికి ₹3,500, హాస్టల్లో ఉంటే ₹7,000. కానీ ఆ వయసు చూడండి. ఉచిత నిర్బంధ విద్య చట్టం 14 ఏళ్లతో చేతులు దులుపుకుంటుంది. సరిగ్గా అప్పుడే కుర్రాడు తండ్రితో పాటు సైటుకు వెళ్లి ఇటుకలు మోయగలిగే వాడవుతాడు, అమ్మాయి ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోగలిగేదవుతుంది. చదువుకు ఎంతో కొంత ఆసరా కావాల్సింది ఆ రెండేళ్లే.

కర్ణాటక స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు నింపేటప్పుడు కుల, ఆదాయ సర్టిఫికెట్ల దగ్గర ఆర్.డి. నంబర్ అడుగుతుంది. కర్ణాటక రెవెన్యూ శాఖ స్థానిక కార్యాలయమైన నాడకచేరి ఇచ్చే సర్టిఫికెట్ మీద ఉండే నంబరది. నారాయణపేట తహసీల్దార్ ఇచ్చిన కాగితం మీద ఆ నంబర్ ఎక్కణ్నుంచి వస్తుంది? రాదు. సరే, సొంత రాష్ట్రంలో పెట్టుకుందామంటే పిల్లవాడు అక్కడి బడిలో లేడు. ఊరి ఆఫీసుకు కుటుంబం తెలుసు గానీ హెడ్మాస్టర్ తెలియడు, బెంగళూరు హెడ్మాస్టర్‌కు పిల్లవాడు తెలుసు గానీ కులం ధ్రువీకరించే అధికారం లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఒకసారి ఊరెళ్లి రావడమంటే బస్సు చార్జీలకు తోడు రెండు మూడు రోజుల కూలీ పోతుంది. మేస్త్రీ మళ్లీ పనిలో పెట్టుకుంటాడో లేదో అనే టెన్షన్ వేరే. ₹3,500 కోసం ఎంతమంది తిరుగుతారు?

లంబాడీల సంగతి ఇంకా విచిత్రం. పాలమూరు తండాలో వాళ్లు ఎస్టీలు, అనంతపురం సుగాలీలూ ఎస్టీలే. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వస్తే అక్కడి బంజారాలు ఎస్సీలు. పాలమూరు నుంచి వచ్చిన పిల్లవాడు బెంగళూరులో ఎస్టీ కింద లెక్కకు రాడు, ఎస్సీ కిందా రాడు. వాడు బెంగళూరులోనే పుట్టినా అంతే, ఎందుకంటే చూసేది తండ్రి మూలాన్ని. పక్క బెంచీలో కూర్చున్న కలబురగి పిల్లవాడిదీ అదే భాష, అవే పండగలు, కానీ వాడికి అన్నీ వర్తిస్తాయి.

దీని వెనుక చట్టం ఉంది. కులాల జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని స్థిరపరిచింది. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉండి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన విద్యార్థికి మహారాష్ట్రలో మెడికల్ సీటు దగ్గర ఆ హోదా చెల్లదని చెప్పింది. ఒక కులం ఒక చోట పడే బాధలు ఇంకో చోట అంతే ఉండకపోవచ్చన్నది కోర్టు వాదన. సీట్ల విషయంలో నేను దాన్ని తప్పుపట్టను. సీట్లు లెక్కకు ఉంటాయి, బయటివాడికి ఒకటి వెళితే స్థానికుడికి ఒకటి తగ్గుతుంది. తొమ్మిదో తరగతి స్కాలర్‌షిప్‌కు ఆ తర్కం ఎందుకు? దానివల్ల ఎవరి సీటూ పోదు. సీటుకు పెట్టిన తాళాన్నే సాయానికీ వేసేశారు.

రాష్ట్రాలు తమ సొంత పథకాలకు గిరి గీసుకోవడం కొంత అర్థం చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థికి ₹15,000 ప్రకటించింది, అందులో ₹2,000 బడుల నిర్వహణకు పోతుంది. అది రాష్ట్రంలో చదివే పిల్లలకే. ఆ ఓటర్ల డబ్బు, ఆ ప్రభుత్వ లెక్క. కానీ ప్రీ-మెట్రిక్‌లో 60 శాతం కేంద్రానిది. ఆ వాటాకు కూడా రాష్ట్ర సరిహద్దు చూపించడం నాకు మింగుడుపడదు.

మరో దారి లేదా అంటే, ఉంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది. కట్టే భవనం ఎక్కడుంటే అక్కడే సెస్సు వసూలు చేస్తారు, ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసినవారు అక్కడే లేబర్ కార్డు తీసుకోవచ్చు. ఆ కార్డు మీద పిల్లల చదువుకు సాయం వస్తుంది, పుట్టిన ఊరితో పనిలేదు. 2023లో కర్ణాటకలో ఆ సాయాన్ని బాగా కోసేస్తే కార్మికులు హైకోర్టుకెక్కారు, అది వేరే గొడవ. కానీ సూత్రం సరైనది. చెమట చిందిన చోటే హక్కు. రేషన్ విషయంలోనూ ఇదే జరిగింది. 2019లో ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటు మొదలైన తొలి జతల్లో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. బియ్యం సరిహద్దు దాటాయి, స్కాలర్‌షిప్ ఇంకా చెక్‌పోస్టు దగ్గరే ఉంది.

ఈ ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు పెట్టిన కుటుంబ ఆదాయ పరిమితి గురించి ఒక్క మాట. ₹2.5 లక్షలంటే నెలకు సుమారు ₹20,800. గ్రామంలో, బెంగళూరులో ఒకే గీత. ఇక్కడ అద్దె, నీళ్ల ట్యాంకర్ ఖర్చు చూసినవాళ్లెవరూ ఆ గీతను సమానమనరు.

ఏదో పెద్ద చట్టం తేవాల్సిన పనిలేదు. సొంత రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో సరిచూసి, ‘ప్రీ-మెట్రిక్‌కు మాత్రమే’ అని రాసి నాడకచేరి ఒక నంబర్ ఇస్తే చాలు. సీట్లు, ఉద్యోగాల జోలికి అది రాదు. ఒకే పిల్లవాడు రెండు చోట్లా తీసుకుంటాడన్న భయం ఉంటే ఆధార్ ఉండనే ఉంది, అన్నిటికీ అడుగుతున్నదేగా. మిగిలిన 40 శాతం బెంగళూరు భరించాలా, హైదరాబాద్, అమరావతి భరించాలా అన్నది ఆర్థిక శాఖలు ఏడాది చివర కూర్చుని తేల్చుకోవచ్చు. ఈలోగా పిల్లవాడి ఖాతాలో డబ్బు పడాలి, అదీ పదో తరగతి అయిపోకముందే.