ఆ పలుచని పొర జనరేటర్ కాదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. ఈసారి పంపినవాడు నాతో పాటు ఇంజనీరింగ్ చదివినవాడు, అందుకే ఇంత కోపం. "కరెంటుతో అయస్కాంతాన్ని తిప్పే కొత్త పదార్థం కనిపెట్టారు. గదిలోనే పనిచేస్తుంది. ఇక రాగి తీగ మోటార్లు ఉండవు, ఫోన్‌కి ఛార్జింగ్ అక్కర్లేదు, ఇంధనం లేని జనరేటర్లు వస్తున్నాయి, ముందే బుక్ చేసుకోండి." కింద నికెల్ అయొడైడ్ ఫొటో, ఒక ఫోన్ నంబరు.

కొత్త పదార్థమా? విద్యుత్ క్షేత్రం పెడితే క్రోమియం ఆక్సైడ్‌లో అయస్కాంతత్వం పుడుతుందని సోవియట్ శాస్త్రవేత్త జ్యాలోషిన్‌స్కీ 1959లోనే చెప్పాడు. మరుసటి ఏడాది అస్త్రోవ్ కొలిచి చూపించాడు. విద్యుత్ ధ్రువణత (ప్లస్, మైనస్ ఛార్జీలు చెరోవైపు జరిగి ఉండటం), అయస్కాంత క్రమం రెండూ ఉన్న పదార్థాన్ని మల్టీఫెర్రోయిక్ అంటారు, ఆ పేరుకే 1994 నుంచి చరిత్ర ఉంది.

ఫొటోలోని నికెల్ అయొడైడ్ నిజంగానే గొప్ప పదార్థం. ఒక్క అణు పొర మందాన కూడా అది మల్టీఫెర్రోయిక్‌గానే ఉంటుందని 2022లో తేల్చారు. కానీ ఆ ఒంటి పొరకి ఆ గుణం మైనస్ 252 డిగ్రీల దగ్గర మాత్రమే వస్తుంది. మందంగా ఉన్న స్ఫటికానికైనా మైనస్ 213కి దిగాల్సిందే. ద్రవ నైట్రోజన్ కూడా అంత చల్లగా ఉండదు. పైగా గాలిలో తేమ తగిలితే పాడైపోతుంది. ఏ గదిలో పనిచేస్తుందట?

మోటార్ల సంగతి. ఈ పదార్థాల్లో చాలావాటిలో పరమాణువుల్లోని చిట్టి అయస్కాంతాలు, అంటే స్పిన్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బయటికి లాగే బలం దాదాపు ఉండదు. బోరు మోటారు తిప్పడం మాట మర్చిపోండి. ఫోన్‌లో ఛార్జింగ్ తినేది ఎక్కువగా స్క్రీను, సిగ్నలు. ఈ పదార్థాలతో మెమరీ చిప్ మారినంత మాత్రాన ఛార్జర్ పారేయలేం.

అసలు ప్రమాదం జనరేటర్. "కరెంటు అయస్కాంతాన్ని తిప్పుతుంది, తిరిగిన అయస్కాంతం కరెంటు ఇస్తుంది, కాబట్టి దానంతటదే నడుస్తుంది" అని రాశారు. వినడానికి బాగానే ఉంటుంది, అందుకే జనం నమ్ముతున్నారు. ధ్రువణతని ఒక్కసారి తిప్పాలంటే వోల్టేజీ పని చేయాలి. వెనక్కి తిప్పితే ఆ శక్తి మొత్తం తిరిగి రాదు, కొంత ప్రతిసారీ వేడిగా పోతుంది. ధ్రువణత, వోల్టేజీల గ్రాఫు గీస్తే ఒక ఉచ్చులా వస్తుందే, దాని లోపలి వైశాల్యమే మనం పోగొట్టుకున్న శక్తి. ఎన్ని చుట్లు తిప్పితే అన్నిసార్లు పోతుంది. అటు కొంత, ఇటు కొంత పోయే చోట మిగులు ఎక్కడినుంచి వస్తుంది? ఇది మనం ఫస్టియర్‌లో చదివిందే కదరా! మా ఊళ్లో ఒక రైతు ఇలాంటి జనరేటర్ కోసమే అడ్వాన్సు కట్టి, ఏడాదిగా ఫోన్లు చేస్తున్నాడు. ఎత్తేవాడు లేడు. ఆయన పోగొట్టుకున్నది పంట మీద వచ్చిన డబ్బు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంటాను, ఒప్పుకోవాలి కూడా. "గదిలో పనిచేస్తుంది" అన్న మాట నికెల్ అయొడైడ్ విషయంలో తప్పు గానీ, బిస్మత్ ఫెర్రైట్ విషయంలో నిజం. దాని అయస్కాంత క్రమం సుమారు 370 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుస్తుంది. మద్రాసులో, బెంగళూరులో చదివి బర్క్‌లీలో పనిచేసిన రామమూర్తి రమేశ్ బృందం 2014లో ఆ పొర మీద కోబాల్ట్-ఇనుము పొర పరిచి, కేవలం వోల్టేజీతో దాని అయస్కాంత దిశని పూర్తిగా తిప్పేసింది, అదీ మామూలు గది వేడిలో. తీగలో కరెంటు పారించి అయస్కాంతాన్ని తిప్పితే వేడిగా పోయే శక్తిలో చాలా భాగం ఇలా మిగులుతుంది. రేపటి కంప్యూటర్ చిప్‌లకి అది నిజంగా పెద్ద విషయమే. కానీ అది కరెంటు ఆదా చేసే దారి. కరెంటు పుట్టించే దారి కాదు.

మన కాలేజీ గ్రూపులో ఆ మెసేజ్ ఇంకా అలాగే ఉంది. పంపినవాడివి నువ్వే తీసెయ్. ఆ నంబరుకి ఎవరూ డబ్బు కట్టొద్దని అక్కడే రాయి, ఈ రాత్రికే.